లాకు దగ్గర మట్టం చూసినట్టు: కెమిస్ట్రీ మాస్టారికి ఉత్తరాలు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవండి. ఏది ఎందులో పడితే ఏమవుద్ది, చెయ్యకముందే చెప్పెయ్యొచ్చా అని. పిల్లలకి యూనిట్ టెస్టులు, రైతులకి వానల్లో తెగుళ్ళు, ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెలు, అందరి సందేహం తిరిగి తిరిగి, ఏది ఎంత ఆత్రంగా ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుందో వోల్టుల్లో చెప్పే ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టిక దగ్గరకే వచ్చి ఆగింది, అందుకని మిగతావి పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

*

మాస్టారూ నమస్తే. మా టెస్టులో "ఫెర్రిక్ అయాన్లు అయోడైడ్‌ని, బ్రోమైడ్‌ని ఆక్సిడైజ్ చేస్తాయా" అని ఇచ్చారు. నేను ఈక్వేషన్లు బ్యాలెన్స్ చేసి, లెక్కలేసి, రెండూ అవుతాయని రాశాను. బ్రోమైడ్‌కి సున్నా వేశారు. ఇంకోటి, ఒకళ్ళేమో సైన్ మార్చి కలపమంటారు, ఇంకొకళ్ళేమో తీసెయ్యమంటారు, నాకు బుర్ర తిరిగిపోతోంది. నా పేపర్ ఫోటో పెట్టాను చూడండి. 
– ఇంటర్ సెకండియర్ అమ్మాయి, పాలకొల్లు

అమ్మాయ్, పేపర్ చూశాను. బ్యాలెన్సింగ్ బ్రహ్మాండంగా ఉంది, తప్పు కూడా అక్కడే పుట్టింది. ఆక్సిడైజ్ చెయ్యడమంటే ఎలక్ట్రాన్లు లాక్కోవడమే కదా. బ్రోమిన్ తయారవ్వాలంటే రెండు బ్రోమైడ్లు కలిపి రెండు ఎలక్ట్రాన్లు వదలాలి, ఫెర్రిక్, అంటే మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము, ఒక్కోటీ ఒక్క ఎలక్ట్రానే పుచ్చుకుని ఫెర్రస్ అవుతుంది, అందుకని ఫెర్రిక్ వరసని రెండుతో హెచ్చవేశావు, అంతవరకూ రైటే, ఆ ఊపులో పట్టికలో దాని పక్కనున్న 0.77 వోల్టుల్ని కూడా హెచ్చవేసి 1.54 చేసి కూర్చున్నావు. అందులోంచి బ్రోమిన్‌ది 1.09 తీస్తే ప్లస్ 0.45 వచ్చింది, ప్లస్ కాబట్టి అవుతుందన్నావు. హెచ్చవెయ్యకుండా చూడు, 0.77లోంచి 1.09 పోతే మైనస్ 0.32. అవ్వదు. జవాబు పూర్తిగా తిరగబడిపోయింది చూశావా, అయోడైడ్‌లో కూడా నువ్వు ఇదే తప్పు చేశావు కానీ అక్కడ ఎటు లెక్కేసినా ప్లస్సే వస్తుంది కాబట్టి మార్కులు పడిపోయాయి, అది అదృష్టం.

ఎందుకు హెచ్చవెయ్యకూడదో మన కాలవల మీద చెప్తాను. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక నది మట్టం పైకి లేచి, ఆ నీరు కాలవల్లోకి తిరిగి, లాకులు దాటుకుంటూ మీ పాలకొల్లు దాకా వస్తోంది. లాకు దగ్గర గోడ మీద మట్టం గీతలుంటాయి. పైన ఎంత, కింద ఎంత చూస్తే నీళ్ళు ఎటు పోతాయో తెలుస్తుంది. ఒక బిందెడు నీళ్ళు పోయినా వంద బిందెలు పోయినా ఆ మట్టాల తేడా అంతే కదా? వోల్టు అంటే ఆ మట్టం. ఎన్ని ఎలక్ట్రాన్లు అనేది బిందెల లెక్క. మట్టం తేడానీ బిందెల్నీ గుణిస్తే వచ్చేది పని, అదే మీ పుస్తకంలో డెల్టా జీ, అక్కడ మాత్రం ఎలక్ట్రాన్ల సంఖ్య వేసుకోవాలి, 96,485తో (ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఛార్జి, కూలుంబుల్లో) కూడా గుణించాలి. అయోడైడ్ చర్యకి 0.77లోంచి అయోడిన్‌ది 0.54 తీస్తే 0.23, దాన్ని రెండు ఎలక్ట్రాన్లతో, 96,485తో గుణిస్తే 44 కిలోజౌళ్ళ పైచిలుకు, ముందు మైనస్ గుర్తు.

సైన్ గొడవ నిజానికి గొడవే కాదు, రెండు పద్ధతుల్ని కలిపేసి తాగడం వల్ల వచ్చిన తిప్పలు. పట్టికలో ఉన్నవన్నీ రిడక్షన్ పొటెన్షియల్సే, అంటే ఎలక్ట్రాన్ పుచ్చుకునే ఆత్రం ఎంతో కొలిచినవి. ఎవరి ఆత్రం ఎక్కువో వాడు పుచ్చుకుంటాడు, తక్కువ ఉన్నవాడు ఇస్తాడు. అందుకని నేను మా పిల్లలకి ఒక్కటే చెప్పేవాణ్ణి: అచ్చులో ఉన్న అంకెల్ని ముట్టుకోకండి, పుచ్చుకునేవాడిలోంచి ఇచ్చేవాణ్ణి తీసెయ్యండి. ప్లస్ వస్తే అవుతుంది, మైనస్ వస్తే అవ్వదు. ఇచ్చేవాడి సైన్ మార్చి కలిపినా అదే జవాబు, కానీ మార్చి మళ్ళీ తీసేశావనుకో, మార్చినదంతా గంగలో కలిసిపోతుంది, నీ పేపర్ మార్జిన్‌లో కొట్టేసిన లెక్క సరిగ్గా అదే.

పుచ్చుకునేవాడెవరో, ఇచ్చేవాడెవరో ముందు బీకరులోకి చూసి తేల్చుకోవాలి, పట్టికలోకి చూసి కాదు. పొటాషియం అయోడైడ్ పోశారంటే అందులో పొటాషియం అయాన్ కూడా ఉంది, మైనస్ 2.93 అని పెద్ద అంకె కనపడగానే దాన్ని లాక్కొచ్చేస్తారు చాలామంది. అది అప్పటికే ఎలక్ట్రాన్ పోగొట్టుకుని కూర్చుంది, ఇవ్వడానికి దాని దగ్గర ఏముంది?

నమ్మకం కుదరకపోతే ల్యాబ్‌లో చేసి చూడు. ఇంటి దగ్గర వార్చిన గంజి ఓ చెంచాడు చిన్న సీసాలో తీసుకెళ్ళి నీళ్ళు కలిపి పల్చన చెయ్యి, అందులో పొటాషియం అయోడైడ్ ద్రావణం, తర్వాత ఫెర్రిక్ క్లోరైడ్ రెండు చుక్కలు. చూస్తుండగానే కారు నలుపుగా నీలం తిరుగుతుంది, అయోడిన్ బయటికొచ్చింది కాబట్టి. అయోడైడ్ బదులు పొటాషియం బ్రోమైడ్ వేసి చూస్తే ఫెర్రిక్ పసుపే తప్ప ఇంకేం ఉండదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడినా అంతే. 0.23 వోల్టులు అంటే చిన్నదనుకుంటాం గానీ దాన్ని ఈక్విలిబ్రియం కాన్‌స్టంట్‌లోకి, అంటే చర్య ఎంత ముందుకి పోతుందో చెప్పే అంకెలోకి, మారిస్తే సుమారు 6 కోట్లు.

*

గురువుగారికి నమస్కారాలు. కొబ్బరికి మొవ్వుకుళ్ళు కనపడితే బోర్డో మిశ్రమం, అదే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపిన మందు, పొయ్యమన్నారండి. కలిపేటప్పుడు ఇనప బకెట్ ముట్టుకోవద్దు, ప్లాస్టిక్ డ్రమ్మే వాడాలి అన్నారు. మళ్ళీ వాళ్ళే, కలపడం అయ్యాక ఇనప కత్తి ముంచి చూడండి అన్నారు. ఇనుము వద్దనేది వాళ్ళే, ఇనుము ముంచమనేది వాళ్ళే, ఇదేం చోద్యమండి?
– కొబ్బరి రైతు, అంబాజీపేట దగ్గర

ఆయ్, ఇది నాకు బాగా తెలిసిన కథేనండి, మా ఇంట్లో జరిగిందే. నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్నగారు మైలుతుత్తం నీళ్ళలో వేసి రాత్రంతా నాననిచ్చారు, గోలెం పగిలిపోయిందని కొత్త రేకు బకెట్లో. పొద్దున్న లేచి చూస్తే నెమలి కంఠంలా ఉండాల్సిన నీలం వెలిసిపోయింది, అడుగున ఎర్రమట్టి లాంటి బురద, బకెట్ లోపల జింకు పూత ఆనవాలు లేదు, అడుగు అతుకు దగ్గర్నించి చుక్కచుక్కా కారుతోంది. మైలుతుత్తం కల్తీదని మా నాన్న కొట్టువాడి మీదకి వెళ్ళారు పాపం. కల్తీ ఏం లేదు, దాంట్లోని రాగి అంతా అడుక్కి దిగిపోయి, దాని బదులు జింకూ ఇనుమూ నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. రాగి లేకపోతే ఇంక తెగులుకి మందేది?

లెక్క చూడండి. రాగి అయాన్ ఎలక్ట్రాన్లు పుచ్చుకునే అంకె ప్లస్ 0.34. జింకుది మైనస్ 0.76, ఇనుముది మైనస్ 0.44. రాగిలోంచి జింకుని తీస్తే 1.10 వోల్టులు, ఇనుముని తీస్తే 0.78, రెండూ ప్లస్సే. ఈ 1.10 మామూలు అంకె కాదండి, 1836లో డేనియల్ అనే ఇంగ్లీషాయన జింకునీ రాగినీ వేరువేరుగా ఉంచి మధ్యలో తీగ కలిపి కరెంటు తీసింది దీంతోనే, మా నాన్న తీగ లేకుండా బకెట్లోనే చేశారు, కరెంటు రాలేదు గానీ బకెట్ పోయింది. ప్లాస్టిక్‌కీ మట్టి గోలేనికీ ఎలక్ట్రాన్లు ఇచ్చే అలవాటు లేదు, అందుకని అవి వాడమంటారు.

ఇప్పుడు కత్తి సంగతి. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు, రెండూ విడివిడిగా కలిపి, మైలుతుత్తం నీళ్ళని తెల్లటి సున్నపు నీళ్ళలోకి కలుపుతూ పొయ్యాలి. సున్నం సరిపోతే రాగి అంతా హైడ్రాక్సైడ్ లాంటి లేత నీలం పొడిగా గట్టిపడి నీళ్ళలో తేలుతూ ఉంటుంది, ఆకుని మాడ్చదు. సున్నం పాతబడి చచ్చుదైతే చాలదు, అప్పుడు రాగి అయాన్లు విడిగా మిగిలిపోతాయి, అవే లేత మొవ్వుని కాల్చేస్తాయి. గీకి మెరిసేలా చేసిన కత్తిని ఒక నిమిషం ముంచితే, విడి రాగి ఉంటే మన 0.78 పనిచేసి కత్తి మీద ఎర్రగా రాగి పూత పడుతుంది. పడిందా, ఇంకాస్త సున్నపు నీళ్ళు పొయ్యండి. మళ్ళీ గీకి ముంచండి. తెల్లగా మెరుస్తూ వచ్చే దాకా. కాబట్టి వాళ్ళు చెప్పిన రెండు మాటలూ ఒకటేనండి, మందంతా ఇనుములో ఉంచితే ఇనుము తినేస్తుంది, కత్తి మొన ముంచితే కబురు చెప్తుంది.

ఇక్కడితో ఆపెయ్యొచ్చు, కానీ ఆపితే అబద్ధం చెప్పినట్టవుతుంది. సున్నం పడ్డాక కత్తికి రాగి ఎందుకు పట్టదు అంటే విడి రాగి లేదు కాబట్టి అని పుస్తకాల్లో రాసేస్తారు. నేనూ ఏళ్ళ తరబడి అదే చెప్పాను. ఒకసారి తరగతిలో ఒక కుర్రాడు లేచి లెక్కెయ్యండి మాస్టారూ అన్నాడు. వేశాం. గాఢతని బట్టి అంకె ఎలా మారుతుందో చెప్పే నెర్న్‌స్ట్ సూత్రం ప్రకారం రాగి గాఢత పదో వంతుకి పడిపోయిన ప్రతిసారీ దాని అంకె 0.03 వోల్టు దిగుతుంది. సున్నపు నీళ్ళలో విడి రాగి ఎంత తక్కువంటే పదో వంతు, అందులో పదో వంతు, అలా పదిహేను సార్లకి పైనే. పదిహేను సార్లు దిగినా పోయేది 0.45 వోల్టులే! మనకున్నది 0.78. ఇంకా మిగిలే ఉంది, అంటే పట్టిక ప్రకారం సున్నం వేశాక కూడా కత్తికి రాగి పట్టాలి.

పట్టదు. కారణం పట్టికలో లేదు, కత్తి ఒంటి మీద ఉంది. సున్నం ఘాటులో ఇనుము మీద కంటికి కనపడనంత పల్చటి ఆక్సైడ్ పొర పట్టేసి ఎలక్ట్రాన్లని బయటికి రానివ్వదు. మట్టాల తేడా ఉంది, లాకు తలుపులు వేసున్నాయి, అంతే. స్లాబులో ఊచలు ఏళ్ళ తరబడి తుప్పు పట్టకుండా ఉండేది కూడా సిమెంటు ఘాటు ఈ పొరని కాపాడడం వల్లేనండి, అంతర్వేది వైపు, సముద్రం పక్క ఇళ్ళకి ఆ ధీమా ఉండదు, ఉప్పుగాలిలోని క్లోరైడ్ సందు చేసుకుని లోపలికి వెళ్ళి పొరని చిల్లు పొడిచేస్తుంది, ఊచ ఉబ్బి స్లాబు పెచ్చులూడిపోతుంది. పట్టిక మీకు మట్టం చెప్తుంది, తలుపు తెరిచుందో లేదో చెప్పదు.

అన్నట్టు ఈ మందు పుట్టింది కొబ్బరి కోసం కాదు, ఫ్రాన్సులో ద్రాక్ష తోటల బూజు తెగులు కోసం, మిల్లార్డె అనే ప్రొఫెసర్ 1885లో బయటపెట్టాడు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి, నిలవుంటే పనికిరాదు.

*

సార్, పాలిటెక్నిక్‌లో పీసీబీ (రాగి పొర ఉన్న సర్క్యూట్ బోర్డు) చేస్తున్నాం. ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే రాగి కరిగిపోతోంది. అంటే ఇనుము రాగిని తోసేస్తోందా, రాగి ఇనుముని తోసేస్తోందా? మేకుని మైలుతుత్తంలో వేస్తే రాగి బయటికొస్తుందని టెన్త్‌లో చదివాం. రెండూ ఎలా నిజం?
– డిప్లొమా స్టూడెంట్, కాకినాడ

బాబూ, ఇనుముకి పట్టికలో ఒక గది కాదు, రెండు గదులున్నాయి. మేకులోని లోహానికీ ఫెర్రస్‌కీ మధ్య ఉన్న గది మైనస్ 0.44, రాగి 0.34 కంటే దిగువ, అక్కడ ఇనుము ఇస్తుంది. ఫెర్రిక్ ఫెర్రస్‌గా మారే గది ప్లస్ 0.77, రాగి కంటే ఎగువ, అక్కడ పుచ్చుకుంటుంది, 0.77లోంచి 0.34 తీస్తే 0.43. రాగి మధ్యలో నలిగిపోయింది. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అన్నదమ్ములిద్దరి గుణం ఒకటవ్వాలని ఎక్కడుంది?

ఇందులోంచే ఇంకో ప్రశ్న అడుగుతారు ఎంట్రన్సుల్లో, ఫెర్రిక్ నేరుగా ఇనుము లోహం అయితే అంకె ఎంత అని. 0.77, మైనస్ 0.44 కలిపేసి 0.33 అంటారు. వోల్టుల్ని అలా కలపకూడదు, పైన అమ్మాయికి చెప్పిన బిందెల లెక్కలోకి మార్చి కలపాలి, ఒక ఎలక్ట్రాన్‌కి 0.77, రెండింటికి మైనస్ 0.88, మొత్తం మైనస్ 0.11, మూడు ఎలక్ట్రాన్లకి పంచితే మైనస్ 0.04. గుర్తే మారిపోయింది చూడు.

వాడేసిన ద్రావణాన్ని కాలవలో పారబొయ్యకండి, కింద చేపల చెరువులున్నాయి. ఇనప మేకులు, పాత బ్లేడ్లు వేసి ఓ రోజు వదిలేస్తే ముందు ఫెర్రిక్ అంతా ఫెర్రస్ అయిపోయి తర్వాత రాగి పొడిగా దిగుతుంది, ఆ క్రమంలోనే ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు. తర్వాత సున్నంతో విరిచి మీ ల్యాబ్ వాళ్ళకి అప్పజెప్పండి. చొక్కా మీద పడితే మాత్రం ఆ పసుపు మరక ఇంక నీతోనే ఉంటుంది.

*

మాస్టారూ, నేను స్కూల్లో సైన్స్ చెప్తాను. మాంగనీస్ డయాక్సైడ్‌ది 1.23, క్లోరిన్‌ది 1.36. తీసేస్తే మైనస్ 0.13, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్ నుంచి క్లోరిన్ రాకూడదు. కానీ ల్యాబ్‌లో క్లోరిన్ చేసే పద్ధతే అది కదా. పిల్లలు అడిగితే నీళ్ళు నమిలాను.
– టీచర్, అమలాపురం

నీళ్ళు నమలక్కర్లేదండి, మీ అనుమానం చాలా మంచిది. షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త 1774లో మొదటిసారి క్లోరిన్ పట్టుకుంది ఈ చర్యతోనే, అప్పటికి ఈ పట్టికే లేదు కాబట్టి ఆయన్ని ఆపేవాళ్ళు లేకపోయారు.

ఆ అంకెలన్నీ అన్ని అయాన్లూ 1 మోలార్ (లీటరుకి ఒక మోల్) ఉన్నప్పటివి, 25 డిగ్రీల దగ్గర. మనం పోసేదేమో గాఢ ఆమ్లం, 12 మోలార్. ఈ చర్యలో నాలుగు హైడ్రోజన్ అయాన్లు, రెండు క్లోరైడ్లు ఎడమ వైపున్నాయి, అంటే 12 అనే అంకె ఆరుసార్లు గుణించుకుంటుంది. నెర్న్‌స్ట్‌లో పెట్టి చూస్తే సుమారు 0.19 వోల్టు కలిసొస్తుంది. మైనస్ 0.13కి 0.19 కలిపితే ప్లస్ 0.06. గట్టెక్కేసింది. పైగా వేడి చేస్తాం, క్లోరిన్ ఎప్పటికప్పుడు పైకి వెళ్ళిపోతుంటుంది, అదింకా ముందుకి లాగుతుంది. యాసిడ్ పల్చబడిపోయాక క్లోరిన్ రావడం ఆగిపోతుంది, మిగిలిన మాంగనీస్ డయాక్సైడ్ నల్లపొడి అలాగే ఉండిపోతుంది, పిల్లలకి చూపించడానికి అదే మంచి సాక్ష్యం, కాకపోతే గాలాడే చోట చెయ్యండి, అదేం పీల్చుకునే వాయువు కాదు.

నా లెక్కన తేడా 0.3 కంటే ఎక్కువ ఉంటే మట్టం విషయంలో పట్టిక మాట నమ్మొచ్చు, అంతకంటే తక్కువైతే గాఢతలు చూడకుండా నోరు విప్పకూడదు. పర్మాంగనేట్ 1.51 కాబట్టి టైట్రేషన్‌లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే క్లోరైడ్‌ని తినేసి బ్యూరెట్ రీడింగ్ ఎక్కువ వస్తుంది, అందుకే సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తాం. ఇది మీకు తెలిసిందే.

*

అన్నయ్యగారూ, అత్తగారి ఇత్తడి గిన్నె ఉంది, కళాయి పోయింది. అందులో చేపల పులుసు పెట్టొచ్చా? రాగి యాసిడ్‌లో కరగదని మా అబ్బాయి పుస్తకం చూసి చెప్పాడు.
– తణుకు నుంచి ఒక చెల్లెమ్మ

వద్దమ్మా. మీ వాడు సగం చదివాడు. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే కాబట్టి రాగి లెక్కే చూద్దాం. ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్‌ది సున్నా, రాగిది 0.34, తీస్తే మైనస్, కాబట్టి హైడ్రోజన్ బుడగలు రావు, నిజమే. కానీ గిన్నెలో పుచ్చుకునేవాడు ఇంకొకడున్నాడు, గాలిలోని ఆక్సిజన్, దానిది 1.23. చింతపండు పులుపుకి అది కొంచెం దిగి 1.05 అయినా రాగి కంటే 0.7 ఎగువే. అందుకే పులుసు మిగిలిపోయిన గిన్నెకి తెల్లారేసరికి అంచున, గాలీ పులుసూ కలిసే గీత దగ్గరే, పచ్చగా చిలుము కడుతుంది. ఆ రాగి కడుపులోకి వెళ్తే వాంతులు. చింతపండుతో తోమితే ఇత్తడి మెరిసేది కూడా పైనున్న ఆక్సైడ్‌ని పులుపు కరిగించడం వల్ల, తోమి వెంటనే కడిగేస్తాం కాబట్టి ఫర్వాలేదు.

కళాయి అంటే తగరం, మైనస్ 0.14, పట్టిక ప్రకారం అదీ కరగాలి, కానీ పులుసు పులుపు 1 మోలార్ ఆమ్లం కాదు కదా, చాలా చాలా నెమ్మదిగా పోతుంది, రాగిలా అపకారమూ చెయ్యదు. కళాయి వేయించేటప్పుడు సీసం కలపని తగరమేనా అని గట్టిగా అడగండి. అప్పటిదాకా ఆ గిన్నెలో పప్పు ఉడకబెట్టుకోవచ్చు గానీ పులుసు మట్టి దాకలోనే పెట్టండి, రుచి కూడా అందులోదే వేరు.